మీ బండి ఛాసిస్ నంబరు ఎప్పుడైనా చూశారా?



నకిరేకల్‌లో నాకు చిన్న ఆటోమొబైల్ స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. మా పాప ఏడో తరగతి, బాబు నాలుగో తరగతి మన స్కూల్లోనే చదువుతున్నారు. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో బస్సుల గురించి మాట వచ్చినప్పుడు నేను 'రీకాల్' అన్నాను. పక్కన కూర్చున్న వాళ్లలో చాలామంది ఆ మాట టీవీ వార్తల్లో విన్నారే తప్ప, అది తమ ఇంటి ముందున్న బండికి కూడా సంబంధించిన విషయం అని ఎవరూ అనుకోలేదు. "ఇదేదో మన పత్రికలో వివరంగా రాయండి సార్" అని క్లాస్ టీచర్ గారు అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా మీకో చిన్న ప్రశ్న. పాప అడ్మిషన్ నంబరు మీకు గుర్తుంటుంది. టర్మ్ ఫీజు కట్టాల్సిన తేదీ గుర్తుంటుంది. ఆధార్ నంబరు కూడా చాలామంది గడగడా చెప్పేస్తారు. మరి రోజూ పొద్దున పాపను ఎక్కించుకుని స్కూలుకు తీసుకెళ్లే బండి ఛాసిస్ నంబరు ఎంత? చెప్పలేకపోయినా ఫర్వాలేదు, ఎవరమూ బట్టీ పట్టం. కానీ ఆ 17 అక్షరాలు, అంకెలు ఎక్కడ ఉంటాయో, వాటితో ఏం తెలుసుకోవచ్చో ప్రతి ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

రీకాల్ అంటే బండి గుంజుకోవడం కాదు

మా షాపులో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. "సేటూ, కంపెనోళ్లు బండ్లు వాపస్ పిలుస్తున్నరంట గదా. ఇస్తే మళ్ల ఇస్తరా, లేకుంటే పైసలిస్తరా?" రీకాల్ అన్న మాటకు 'వెనక్కి పిలవడం' అని అర్థం చెప్పుకోవడం వల్ల వచ్చిన భయం అది. చాలా సందర్భాల్లో జరిగేది చాలా మామూలు పని. ఒక మోడల్‌లో ఫలానా భాగం సరిగా తయారు కాలేదని కంపెనీకి తెలుస్తుంది. ఆ భాగం బిగించిన బండ్లన్నిటినీ సర్వీస్ సెంటర్‌కు రమ్మంటారు. చూసి, అవసరమైతే కొత్త భాగం వేసి, బండి మీ చేతికి ఇస్తారు. ఆ భాగానికి గానీ, పనికి గానీ మీ దగ్గర రూపాయి కూడా తీసుకోరు. వారంటీ అయిపోయింది కాబట్టి డబ్బు కట్టండి అనే లెక్క దీనికి వర్తించదు. తప్పు తయారీలో ఉంది కాబట్టి ఖర్చు తయారీదారుడిదే.

కొన్ని నిజమైన ఉదాహరణలు చెబుతాను. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ క్లాసిక్, బుల్లెట్, మెటియోర్ బండ్లు మొత్తం 2,36,966 రీకాల్ చేసింది. లోపం ఇగ్నిషన్ కాయిల్‌లో. బండి మిస్‌ఫైర్ కావచ్చు, అరుదుగా షార్ట్ సర్క్యూట్ కూడా కావచ్చని కంపెనీయే చెప్పింది. 2019లో హోండా టూవీలర్ కంపెనీ డిస్క్ బ్రేకు ఉన్న యాక్టివా 125, గ్రాజియా, ఏవియేటర్, సీబీ షైన్ బండ్లు 50,034 పిలిచింది. అక్కడ సమస్య ముందు బ్రేకు మాస్టర్ సిలిండర్‌లో. 2021 సెప్టెంబరులో మారుతి సుజుకి పెట్రోల్ కార్లు 1,81,754 పిలిచింది. సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజ్జా, ఎస్-క్రాస్, ఎక్స్ఎల్6 అందులో ఉన్నాయి. మోటార్ జనరేటర్ యూనిట్ మార్చేవరకు నీళ్లు నిలిచిన రోడ్ల మీద నడపొద్దని, కరెంటు భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టి కడగొద్దని కూడా ఓనర్లకు సూచించింది. వానాకాలంలో మన కాలనీ రోడ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆ సూచన అందిన ఇంటికీ, అందని ఇంటికీ ఎంత తేడా ఉంటుందో ఆలోచించండి.

రీకాల్ చేసిన కంపెనీ చెడ్డది అనుకోవాల్సిన పని లేదు. లక్షల బండ్లు తయారయ్యేచోట ఎక్కడో ఒక బ్యాచ్ తేడా రావచ్చు. తేడా వచ్చిందని ఒప్పుకుని, పిలిచి, సొంత ఖర్చుతో సరిచేయడం మంచి పనే. మన వంతు పని కూడా ఒకటి ఉంది. పిలిచినప్పుడు వెళ్లాలి. అలా వెళ్లాలంటే, ముందు పిలిచారన్న సంగతి మనకు తెలియాలి.

మన తెలుగు నేల మీద జరిగింది

2022 ఏప్రిల్ నెల మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నిజామాబాద్‌లో ఒక ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని తీసి, రాత్రి పూట హాల్లో చార్జింగ్ పెట్టారు. అది పేలింది. 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. కాపాడబోయిన ఇంట్లోవాళ్లకు కాలిన గాయాలయ్యాయి. ఆ స్కూటర్ తయారు చేసిన ప్యూర్ ఈవీ మన హైదరాబాద్ కంపెనీయే. ఆ తర్వాత ఆ కంపెనీ ఈట్రాన్స్ ప్లస్, ఈప్లూటో 7జీ మోడళ్లలో 2,000 బండ్లను రీకాల్ చేస్తున్నట్టు ప్రకటించింది. అదే నెలలో ఒకినావా 3,215 స్కూటర్లను, ఓలా 1,441 స్కూటర్లను పిలిచాయి. కొద్దిరోజులకే విజయవాడలో మరో ఇంట్లో, ఇంకో కంపెనీ స్కూటర్ బ్యాటరీ చార్జింగ్‌లో ఉండగా పేలి ఇంటి యజమాని చనిపోయారు. లోపం ఉన్న బండ్లను కంపెనీలు ముందుగానే వెనక్కి పిలవవచ్చని, నిర్లక్ష్యం తేలితే భారీ జరిమానా తప్పదని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ ఆ రోజుల్లోనే చెప్పారు. బ్యాటరీ భద్రత నిబంధనలు కూడా ఆ ఏడాది చివరి నుంచి కఠినమయ్యాయి.

ఈ సంగతి ఎవరినో తప్పు పట్టడానికి రాయడం లేదు. ఎలక్ట్రిక్ బండ్లు వద్దనీ చెప్పడం లేదు, మా షాపు ముందే రోజూ ఎన్నో ఆగుతాయి. నేను గమనించింది ఒకటే. 2,000 బండ్లను పిలిచారు అన్న వార్త పేపర్లో అందరూ చదివారు. ఆ 2,000లో మన ఇంటి బండి ఉందా లేదా అన్నది మాత్రం పేపర్ చెప్పలేదు. అది చెప్పగలిగేది ఛాసిస్ నంబరు ఒక్కటే.

ఆ 17 అక్షరాలు ఏం చెబుతాయి?

బండి నంబరు వేరు, ఛాసిస్ నంబరు వేరు. టీజీ 05 అని మొదలయ్యే నంబరు నల్గొండ ఆర్టీఏ ఆఫీసు ఇచ్చేది. ఛాసిస్ నంబరు ఫ్యాక్టరీలోనే బండి ఇనుము మీద కొట్టేది. దీన్నే విన్ నంబరు అని కూడా అంటారు. బండి చేతులు మారినా, రాష్ట్రం మారినా, రంగు మార్చినా ఆ నంబరు మారదు. మొదటి మూడు అక్షరాలు తయారీదారుడివి. మారుతి కార్ల నంబర్లు చాలావరకు ఎంఏ3తో మొదలవుతాయి, హీరో బండ్లవి ఎంబీఎల్‌తో, హోండా టూవీలర్లవి ఎంఈ4తో. ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ ఈ నంబరులో ఎక్కడా వాడరు. ఒకటి, సున్నాలతో కలిసిపోయి గందరగోళం కాకూడదని ఆ ఏర్పాటు. కాబట్టి మీరు చూసేటప్పుడు ఓ లాగా కనబడితే అది సున్నా అని రాసుకోండి.

ఫ్యాక్టరీలో ఏ బండికి ఏ బ్యాచ్ భాగాలు బిగించారో కంపెనీ దగ్గర లెక్క ఉంటుంది. ఒక బ్యాచ్ బాగాలేదని తేలగానే, ఆ బ్యాచ్ ఎక్కిన బండ్ల ఛాసిస్ నంబర్లను జాబితాగా తీస్తారు. మనం కంప్యూటర్‌లోనో, ఫోన్‌లోనో నంబరు కొట్టి వెతికే రీకాల్ టూల్ చేసేది ఇంతే. మన నంబరు ఆ జాబితాలో ఉందా, లేదా అని సరిచూసి చెబుతుంది.

అందుకే పక్కింటివాళ్ల కారు మోడలే మనదీ అయినా, వాళ్లకు రీకాల్ ఉండి మనకు ఉండకపోవచ్చు. 2023 జనవరిలో మారుతి సుజుకి 17,362 కార్లను ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ పరీక్ష కోసం పిలిచింది. అవన్నీ 2022 డిసెంబరు 8 నుంచి 2023 జనవరి 12 మధ్య తయారైనవి. అంటే నెల రోజుల చిల్లర. అంతకు ముందు వారం తయారైన అదే మోడల్ కారు ఆ జాబితాలో లేదు. "మా బావ కారుకు ఏం లేదన్నరు, మాక్కూడ లేదు" అనుకోవడం ఇక్కడ పనికిరాదు. ఎవరి నంబరు వాళ్లే చూసుకోవాలి.

అమెరికాలో ఎలా చూస్తారు?

మా చెల్లె వాళ్లు అమెరికాలో టెక్సాస్‌లో ఉంటారు. అక్కడ వాళ్లు మొదటిసారి సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఆమె నాకు వీడియో కాల్‌లో చూపించింది. కారు అద్దం కింద కనబడే 17 అక్షరాల నంబరును ఫోన్‌లో కొట్టింది. ఆ కారుకు ఇంకా చేయించని రీకాల్ ఒకటి ఉందని వెంటనే వచ్చింది. ఏ భాగం, ఏమవుతుంది, ఎక్కడికి వెళ్లాలి, అన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి. "అన్నా, ఇది చేయించి ఇస్తేనే తీసుకుంటామని అమ్మేటాయనకు చెప్పినం" అంది. అలాగే చేయించుకుని కొన్నారు.

ఆ టూల్ నడిపేది అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ. వాహన భద్రత చట్టం అమెరికాలో 1966లోనే వచ్చింది. 2014 ఆగస్టు నుంచి ఛాసిస్ నంబరుతో ఉచితంగా రీకాల్ వెతుక్కునే వీలు పెద్ద కంపెనీలన్నీ కల్పించాల్సిందే అని నియమం పెట్టారు. సేఫర్‌కార్ అనే యాప్ కూడా ఉంది. అందులో మన కారు నంబరు ఒకసారి పెట్టుకుంటే, తర్వాత కొత్త రీకాల్ వచ్చినప్పుడు ఫోన్‌కే సమాచారం వస్తుంది. కారుతో పాటు చిన్నపిల్లల సీట్లు, టైర్ల రీకాల్‌లు కూడా అందులో చూసుకోవచ్చు. మీ వాళ్లు ఎవరైనా అమెరికాలో ఉంటే ఈ ఒక్క ముక్క వాళ్లకు చెప్పండి. కొత్తగా వెళ్లిన పిల్లలు చాలామంది పాత కార్లే కొంటారు కదా.

అక్కడ ఆ అవసరం ఎందుకు పడిందో చెప్పడానికి టకాటా ఎయిర్‌బ్యాగుల సంగతి చాలు. టకాటా జపాన్ కంపెనీ. ఎన్నో కార్ల కంపెనీలకు ఎయిర్‌బ్యాగులు అమ్మింది. వాటిలోని మందు ఏళ్ల తరబడి వేడికి, గాలిలోని తేమకు పాడై, ప్రమాద సమయంలో అతిగా పేలి, లోహపు ముక్కలు మనుషుల మీదికి చిమ్మాయి. ఒక్క అమెరికాలోనే దాదాపు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగులు రీకాల్ అయ్యాయి. మన దేశంలో కూడా హోండా, టయోటా వంటి కంపెనీలు వాటిని మార్చాయి. కాపాడాల్సిన వస్తువే గాయపరిచిన సందర్భం అది. కారు కొత్తగా ఉన్నప్పుడు ఏ లక్షణమూ కనబడదు, నడిపేటప్పుడు శబ్దమూ రాదు. ఎంత మంచి మెకానిక్ అయినా పైనుంచి చూసి కనిపెట్టలేడు. నంబరు కొట్టి చూస్తేనే తెలుస్తుంది.

మన దగ్గర ఏముంది?

మన దేశంలో 2012 జులై నుంచి కంపెనీలు తమంతట తాము రీకాల్ చేసే పద్ధతి మొదలైంది. వాహన తయారీదారుల సంఘం సియామ్ తన వెబ్‌సైట్‌లో ఆ జాబితా పెడుతుంది. ఏ కంపెనీ, ఏ మోడల్, ఎన్ని బండ్లు అన్నది అందులో చూడవచ్చు. తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ అనే సెక్షన్ చేర్చారు. లోపం వల్ల నడిపేవాళ్లకు, కూర్చున్నవాళ్లకు, రోడ్డు మీద వెళ్లేవాళ్లకు హాని ఉంటే, రీకాల్ చేయమని కేంద్ర ప్రభుత్వమే కంపెనీని ఆదేశించవచ్చు. అప్పుడు కంపెనీ బండి బాగుచేసి ఇవ్వాలి, లేదా మార్చి ఇవ్వాలి, లేదా పూర్తి ధర తిరిగి ఇవ్వాలి. కంపెనీ తనంతట తానే లోపం గుర్తించి రీకాల్ మొదలుపెడితే జరిమానా ఉండదు. 2021 ఏప్రిల్ 1 నుంచి దీని నియమాలు అమల్లోకి వచ్చాయి. తయారై ఏడేళ్లు దాటని వాహనాలకు ఇవి వర్తిస్తాయి. జరిమానా రూ.10 లక్షల నుంచి రూ.1 కోటి వరకు ఉంటుంది. లోపం ఉందని ఓనర్లు ఫిర్యాదు చేయడానికి కేంద్ర రవాణా శాఖ పోర్టల్ కూడా పెట్టింది. ఎంతమంది ఫిర్యాదు చేశారన్నది కూడా లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, ఒకే రకం సమస్య మీ బండిలో పదేపదే వస్తుంటే మెకానిక్‌తో చెప్పి ఊరుకోకుండా అక్కడ కూడా రాయండి.

మరి మన బండి నంబరు సరిచూసుకునేది ఎక్కడ? ఆయా కంపెనీల వెబ్‌సైట్లలో. రీకాల్ ప్రకటించినప్పుడు చాలా కంపెనీలు సొంత వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టే పేజీ పెడతాయి. మారుతి పేజీలో ఎంఏ3 తర్వాత వచ్చే 14 అక్షరాలు కొట్టాలి. కంప్యూటర్‌తో ఇబ్బంది అనుకుంటే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, నంబరు చదివి "దీని మీద రీకాల్ ఏమైనా పెండింగ్‌లో ఉందా?" అని అడగండి. సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు కౌంటర్లో అడిగినా వాళ్ల కంప్యూటర్‌లో కనబడుతుంది.

సెకండ్ హ్యాండ్ బండ్ల సంగతి

మన నకిరేకల్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో కొత్త బండ్లతో సమానంగా పాత బండ్లు తిరుగుతాయి. హైదరాబాద్‌లో నాలుగేళ్లు నడిచిన కారు ఇక్కడికొచ్చి ఇంకో పదేళ్లు నడుస్తుంది. నిమ్మకాయల మార్కెట్‌కు సరుకు తెచ్చే ట్రాలీ ఆటోల నుంచి పిల్లల్ని తీసుకెళ్లే వ్యాన్ల దాకా ఇదే కథ. కంపెనీ పంపే మెసేజ్, ఉత్తరం మాత్రం చాలాసార్లు మొదటి ఓనరు ఫోన్‌కే, చిరునామాకే వెళ్తాయి. బండి అమ్మేసినాయన ఆ మెసేజ్ చూసి తీసేస్తాడు. కొన్నాయనకు ఏమీ తెలియదు. లోపం మాత్రం బండితో పాటే ఈ ఊరికి వచ్చేస్తుంది.

మా బావమరిది రెండేళ్ల కింద హైదరాబాద్ నుంచి ఒక పాత కారు కొన్నాడు. ఏ కంపెనీదో ఇక్కడ రాయను, అది ముఖ్యం కాదు. కాగితాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంజిన్ బాగుంది, టైర్లు బాగున్నాయి, మెకానిక్ చూసి సరే అన్నాడు. నేను ఆర్‌సీ తీసుకుని ఛాసిస్ నంబరు కంపెనీ పేజీలో కొట్టి చూశాను. బ్రేకుకు సంబంధించిన ఒక భాగం మార్చాలని, పని పెండింగ్‌లో ఉందని వచ్చింది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, "అవునండీ, అప్పట్లో ఏదో మెసేజ్ వచ్చింది, కారు అమ్మేద్దామనుకుంటున్నాను కదా అని వెళ్లలేదు" అన్నాడు. అంతకు వారం ముందే మా అక్కచెల్లెళ్ల పిల్లలందరూ ఆ కారులో యాదగిరిగుట్ట వెళ్లివచ్చారు. సూర్యాపేటలో సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే ఒక పూటలో మార్చి ఇచ్చారు. బిల్లులో మొత్తం సున్నా. మా బావమరిది ఆ బిల్లు చూసి, "బావా, వీళ్లు మనకు పైసలు తీసుకోకుండ పనిచేసిన్రంటే లోపల ఎంత తేడా ఉన్నట్టు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ తర్వాత మా వీధిలో ఎవరు పాత బండి కొన్నా ముందు ఆర్‌సీ పట్టుకుని మా షాపుకు రావడం మొదలైంది.

స్కూల్ బస్సు, వ్యాన్, ఆటో

ఇక్కడ మన స్కూలు సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. స్కూళ్లు తెరిచేలోపు ప్రతి బస్సును ఆర్టీఏ అధికారులకు చూపించి మళ్లీ ఫిట్‌నెస్ తీసుకోవాలి. బ్రేకులు, లైట్లు, టైర్లు, ఎమర్జెన్సీ డోర్, ఫస్ట్ ఎయిడ్ బాక్సు, మంటలార్పే సిలిండర్, ఇవన్నీ చూస్తారు. ఇది చాలా అవసరమైన తనిఖీ. అయితే పైకి బాగానే కనబడే భాగం లోపల, తయారీలో తేడా ఉంటే ఫిట్‌నెస్ తనిఖీలో అది బయటపడదు. ఫిట్‌నెస్ వేరు, రీకాల్ వేరు. పిల్లలు ఎక్కే బండికి రెండూ సరిగా ఉండాలి.

స్కూల్ బస్సు ఎక్కని పిల్లలు చాలామంది ప్రైవేటు వ్యాన్లలో, ఆటోల్లో వస్తారు. ఒక ఉదాహరణ చూడండి. 2023 జులైలో మారుతి సుజుకి ఎస్-ప్రెస్సో, ఈకో బండ్లు 87,599 పిలిచింది. 2021 జులై 5 నుంచి 2023 ఫిబ్రవరి 15 మధ్య తయారైనవి. స్టీరింగ్ టై రాడ్‌లో ఒక భాగం విరిగే అవకాశం ఉందని, అలా జరిగితే బండి పట్టు తప్పవచ్చని కంపెనీ చెప్పింది. ఈకో వ్యాన్లు మన ప్రాంతంలో పిల్లల రవాణాకు ఎంతగా వాడతారో మీకే తెలుసు. 65వ నంబరు హైవే దాటి వచ్చే వ్యాన్‌లో స్టీరింగ్ అంటే మాటలు కాదు. ఆ బండ్లలో చాలావరకు ఇప్పటికే బాగుపడి ఉండవచ్చు. మీ పాప ఎక్కే వ్యాన్ ఆ తేదీల మధ్య తయారైనదైతే, "అన్నా, ఒకసారి చూపించినవా?" అని అడగడంలో తప్పేమీ లేదు.

డ్రైవరన్నను అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. తప్పు పట్టినట్టు అడగొద్దు. రోజుకు రెండు ట్రిప్పులు తిప్పి, కిస్తీలు కట్టుకునే మనిషికి బండి ఒక రోజు ఆగితే కూలి పోతుంది. "ఇది ఉచితం, ఆదివారం నాడు సర్వీస్ సెంటర్ తెరిచి ఉంటే చూపించు, లేకుంటే ఒకరోజు మా పిల్లల్ని మేమే దింపుకుంటం" అనండి. నలుగురు తల్లిదండ్రులు కలిసి ఆ మాట అంటే ఏ డ్రైవరూ కాదనడు.

స్కూలు మేనేజ్‌మెంట్‌కు కూడా ఒక విన్నపం. మన బస్సుల ఛాసిస్ నంబర్లు ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి గారి దగ్గర ఉన్నాయి. ప్రతి జూన్‌లో ఫిట్‌నెస్‌తో పాటు రీకాల్ కూడా సరిచూసి, ఫలానా తేదీన చూశాం, పెండింగ్ ఏమీ లేదు అని బస్సు లోపల ఒక కాగితం అంటిస్తే బాగుంటుంది. ఖర్చు లేదు, ఒక పూట పని. మనం ఫీజులో ట్రాన్స్‌పోర్ట్ కింద కట్టే డబ్బుకు ఈ కాగితం అడగడం ఎక్కువేమీ కాదని నా అభిప్రాయం. దీన్ని ఈ పత్రికలోనే అడిగే అవకాశం ఇచ్చినందుకు స్కూలుకు కృతజ్ఞతలు.

మోసాలతో జాగ్రత్త

ఆర్టీఏ చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపి, అవి తెరిచినవాళ్ల ఖాతాలు ఖాళీ చేస్తున్న సంగతి మీరు వినే ఉంటారు. రీకాల్ పేరుతో కూడా అలాంటివి రావచ్చు. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కొద్దు. కంపెనీ వెబ్‌సైట్‌ను మీరే తెరవండి. రీకాల్ చూడటానికి ఛాసిస్ నంబరు, ఫోన్ నంబరు అవసరం కావచ్చు గానీ బ్యాంకు ఖాతా, కార్డు, యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. ఎవరైనా డబ్బు అడిగారంటే అది మోసమే. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇంకో సంగతి. టూల్‌లో 'రీకాల్ లేదు' అని వచ్చినంత మాత్రాన బండి అంతా బాగుందని కాదు. నిన్న మొన్న ప్రకటించిన రీకాల్ నంబర్లు ఇంకా ఎక్కి ఉండకపోవచ్చు. అరిగిన టైరు, పలచబడ్డ బ్రేకు లైనర్ సంగతి ఏ టూలూ చెప్పదు. అందుకే ఏడాదికి రెండుసార్లు చూసుకోండి. ఒకటి జూన్‌లో స్కూళ్లు తెరిచినప్పుడు, ఇంకోటి సంక్రాంతి సెలవుల్లో ఊళ్లకు వెళ్లే ముందు.

ఈ ఆదివారం చేయండి

1. ఇంట్లో ఉన్న ప్రతి బండి ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితం బయటికి తీయండి. ఛాసిస్ నంబరు రెండిట్లోనూ ఉంటుంది.

2. బండి మీద కొట్టిన నంబరుతో సరిచూడండి. టూవీలర్‌కు సాధారణంగా హ్యాండిల్ దగ్గర ఫ్రేము మీద ఉంటుంది. కారుకు ఎక్కడ ఉంటుందో ఓనర్ మాన్యువల్‌లో చూడండి. రెండూ కలవకపోతే ముందు ఆ సంగతి తేల్చుకోండి.

3. కంపెనీ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టండి, లేదా కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి.

4. పాత బండి కొన్నవాళ్లయితే, అదే ఫోన్ కాల్‌లో మీ పేరు, మీ ఫోన్ నంబరు కంపెనీ రికార్డులో ఎక్కించమని చెప్పండి. ఇకమీదట మెసేజ్ మీకే వస్తుంది.

5. రీకాల్ ఉందని తేలితే, అది సరిచేసేవరకు బండి నడపవచ్చా అని తప్పకుండా అడగండి. కొన్నిటికి నడపవచ్చు, కొన్నిటికి వద్దంటారు. పని అయ్యాక జాబ్ కార్డు అడిగి తీసుకుని ఆర్‌సీతో పాటు దాచండి.

6. ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంటే, బ్యాటరీని పడుకునే గదిలో, ఇంటి గుమ్మం దగ్గర చార్జింగ్ పెట్టకండి. కంపెనీ ఇచ్చిన చార్జరే వాడండి.

ఈ పనిలో పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. బాబును నంబరు చదవమని, పాపను రాయమని చెప్పండి. సున్నా ఏది, ఓ ఏది అని వాళ్లే వెతుకుతారు. మా ఇంట్లో మా నాలుగో తరగతి బాబుకు ఇప్పుడు ఇదొక ఆట అయిపోయింది. వీధిలో ఎవరి బండి కనబడినా హ్యాండిల్ కింద తల పెట్టి చూస్తున్నాడు. చూడనివ్వండి. ఏదైనా నంబరు దగ్గర అర్థం కాకపోతే ఆర్‌సీ తీసుకుని మా షాపుకు రండి, పదినిమిషాల పని. సాయంత్రం ఏడు దాటాక కొంచెం తీరిగ్గా ఉంటాను.